స్మృతి – విస్మృతి
(సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని సంఘకార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యకెల్ల మూలము జ్ఞాపకము. దానిని నీడవలె వెన్నంటియుండునది మఱపు. కావున నీ రెండింటినిగూర్చియే ప్రసంగింపదలచితిమి. మా యభిప్రాయమును ముందుగనే విన్నవింతుము. మఱపు బుద్ధిలోపము కాదు. అది మనస్సునకు సహజధర్మము. దానిని గెలుచుటకు మఱల మఱల చూచుటకంటె మఱల మఱల మనస్సునుండి వెలికిదీయుట మేలైన యుపాయము. అయినను నోటిమాట యెంత నిలిచినను కొంత మాఱకమానదు. కనుక నిలుపవలసినదానిని వ్రాతయందుంచుట మన విధి.

మన శాస్త్రకారులు స్మృతినిగూర్చి చాల విచారించిరి. పతంజలి చిత్తవృత్తు లైదింటిలో స్మృతి నొకదానిగా లెక్కించెను. అనుభవించిన విషయము జాఱిపోకుండుటయే స్మృతియని యాయన మతము. అనుభవము ఆత్మయందు విడిచిపోవు ముద్రకు వైశేషికులు ‘భావన’ యని పేరిడిరి. ఆ భావన మేల్కొన్నప్పుడు స్మృతి పుట్టును. మన కులమూలపురుషుడైన భావనాఋషి నామమునకును ఈ శాస్త్రపదమునకును గల పోలిక నామసామ్యమాత్రమే కావచ్చును. అయినను ఆ పుణ్యనామమును తలచినప్పుడెల్ల స్మృతిధర్మము కూడ మనకు తలపునకు వచ్చుట మేలే. ఆ భావనను మేల్కొల్పు కారణములను గౌతముని న్యాయసూత్రములు ఇరువదికి పైగా చెప్పినవి. ఏకాగ్రత, అభ్యాసము, గుర్తు, పోలిక, విరోధము, సుఖము, దుఃఖము, భయము మున్నగునవి వానిలోనివి. ఇంత విచారించియు నైయాయికులు స్మృతిని ప్రమాణములలో జేర్పలేదు. ఏలయన స్మృతి స్వతంత్రజ్ఞానము కాదు; పూర్వానుభవముపై నాధారపడినది. ఈ హెచ్చరికను మనసునందుంచుకొనుడు. కడపట దీనితో పనియున్నది.

పాశ్చాత్యదేశములలో స్మృతిని ప్రయోగముచే కొలిచి చూచినవారిలో ప్రథముడు జర్మనీదేశీయుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన గ్రంథము 1885లో వెలువడెను. ఆయన తన్ను తానే శిష్యునిగా జేసికొని, అర్థములేని యక్షరముల పట్టికలను కంఠస్థము చేసి, కొంతకాలము గడచిన పిమ్మట వానినే మఱల నేర్చుచు, మొదటి శ్రమలో నెంత కలిసివచ్చెనో లెక్కించెను. ఇరువది నిమిషములకు నూటికి 58 పాళ్లు కలిసివచ్చెను. గంటకు 44 పాళ్లు, ఒక దినమునకు 34, ఆఱు దినములకు 25, ముప్పదియొక్క దినములకు 21. అనగా మఱపు మొదటి గంటలోనే పెద్దభాగమును మ్రింగివేయును. ఆపై మెల్లగా నడచును. తడిపిన నూలు ఎండలో మొదటి గడియలోనే చాలవఱకు ఆఱి, మిగిలిన చెమ్మ నిదానముగా పోవుటను మనవారెల్ల నెఱుగుదురు. ఇదియు నట్టిదే. ఆయనయే మఱియొకటి చూపెను. ఒకేదినమున 68 మాఱులు వల్లించి సాధించిన ఫలమును, మూడు దినములకు పంచి 38 మాఱులు వల్లించియే పొందగలిగెను. పరీక్ష ముందురాత్రి తెల్లవార్లు చదువు బాలురు ఈ లెక్కను గమనింపవలయును.

1956లో అమెరికాదేశపు జార్జి మిల్లరు, మనుష్యుడు ఒక్కమాఱు విని వెంటనే మఱల చెప్పగల వస్తువులు సుమారు ఏడు మాత్రమేయని ప్రకటించెను. అట్లయిన మన యవధానులు అంత పద్యభారమును ఎట్లు మోసిరి? తిరుపతి వేంకటకవుల వంటివారు పృచ్ఛకులు నలుదిక్కుల నుండి చెదరగొట్టుచున్నను, సభాంతమున పద్యములన్నింటిని ధారణచేసి యప్పగించిరి. విడివిడి యక్షరములను మోయుట వేఱు, గణములు, యతి, ప్రాస కట్టిపడవేసిన పద్యమును మోయుట వేఱు. పద్యములో నొక పదము జాఱినను యతిస్థానము దానిని వెనుకకు లాగుకొనివచ్చును. పోగులు విడిగా నున్న చిక్కుపడును. పడుగుగా సాగదీసిన చక్కబడును. కావున పిల్లలకు ముక్కలు ముక్కలుగా గాక, ఒకదానితో నొకటి ముడివేసి బోధింపవలయును.

2006లో రోడిగర్, కార్పికె యను నిరువురు అమెరికా పండితులు విద్యార్థులచే పాఠములను చదివించిరి. కొందఱు దానినే మఱల చదివిరి. కొందఱు పుస్తకము మూసి, జ్ఞాపకమున్నది వ్రాసిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా మఱల చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిమ్మట పరీక్షింపగా పుస్తకము మూసి వ్రాసినవారికి నూటికి 56 పాళ్లు నిలిచెను. మఱల చదివినవారికి 42 పాళ్లే నిలిచెను. మన వీథిబడులలో ఎక్కములు వల్లెవేయించి, మఱునాడు పాఠమప్పగించుమని నిలువబెట్టుటలో నీ రహస్యమే యున్నది. వేదపాఠకులు క్రమ, జట, ఘనములుగా పదములను ముందువెనుకలుగా పలుకుటయు నట్టిదే. 2016లో ప్రకటింపబడిన యొక పరిశోధన ఇరువదియొక్కరు యజుర్వేదపండితుల మెదళ్లను చిత్రించి, సామాన్యులతో పోల్చి చూచి, జ్ఞాపకమునకును భాషకును సంబంధించిన భాగములలో భేదములు కలవని తెలిపెను.

మేము ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పితిమి. మఱచిన బాలుని మందమతియని నలుగురిలో నిందించిన తలిదండ్రులను పెక్కుమందిని చూచితిమి. నిన్న విన్నదానిలో నేడు మూడువంతులలో రెండు పోవుట, ఆ మహాపండితుని లెక్క ప్రకారము, సహజము. నిందించిన భయమే జ్ఞాపకముండును; పాఠముండదు. రాత్రి భోజనానంతరము “నేడు బడిలో నేమి చెప్పిరి?” యని పావుగంట యడుగుడు. చదువురాని తల్లియు నీ ప్రశ్న వేయగలదు. ఇంతకంటె తక్కువ ఖర్చుగల విద్యాదానము లేదు.

ఇక రెండవవిధమైన జ్ఞాపకము కలదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనువానికి మూర్ఛవ్యాధి మాన్పుటకై మెదడులోని కొంతభాగమును తొలగించిరి. నాటినుండి యాతనికి కొత్తసంగతి యేదియు నిలువదయ్యెను. అయినను బ్రెండా మిల్నరు అను విదుషి, అద్దములో చూచుచు నక్షత్రాకారపు గీతల నడుమ గీయుట యాతనికి నేర్పగా, దినదినమునకు చేయి కుదిరెను; నిన్న నేర్చిన సంగతి మాత్ర మాతడెఱుగడు. చేతి జ్ఞాపకమునకు మెదడులో వేఱుచోటు కలదని దీనివలన తేలెను. ఈ సంగతి మనకంటె నెవరికి బాగుగా తెలియును? నాడె విసరు వేగమును, తెగిన పోగును ముడివేయు నేర్పును మాటలలో చెప్పుమన్న ముదుసలి సాలె తడబడును. మగ్గముపై కూర్చుండబెట్టిన చేతులే చెప్పును. ఇట్టి విద్య పుస్తకమున కెక్కదు. ప్రక్కన కూర్చుండినవాని చేతికే యెక్కును. గుంటమగ్గము పూడ్చిన యింట నీ జ్ఞాపకము ఒక్క తరముతో నంతరించును.

ఇప్పుడు నైయాయికుల హెచ్చరికకు వత్తము. కేంబ్రిడ్జి పండితుడగు బార్ట్‌లెట్టు, పరదేశపు కథ నొకదానిని విద్యార్థులచే చదివించి, కాలము గడచినకొలది మఱల మఱల చెప్పించెను. వారు తమ కపరిచితమైన విషయములను విడిచిరి, లేదా తమకు తెలిసినవానిగా మార్చిరి. ఈ ఫలములను 1932లో గ్రంథముగా వెలువరించెను. 1974లో లాఫ్టస్, పామరు అనువారు మోటారుబండ్ల ప్రమాదపు చిత్రములను చూపి వేగమడిగిరి. “నుజ్జునుజ్జుగా ఢీకొన్నప్పుడు” అని యడిగిన గంటకు సుమారు 41 మైళ్లనిరి. “తాకినప్పుడు” అని యడిగిన 32 మైళ్లనిరి. చూచినది యొక్కటే, ప్రశ్నను బట్టి జ్ఞాపకము మాఱెను. స్మృతి పెట్టెలో దాచిన వస్త్రము వంటిది కాదు. తీసిన ప్రతిమాఱు కొంత మఱల నేయబడునది.

మన కులకథను కాపాడిన కూనపులివారు ఈ లోపము నెఱిగినట్లే పని చేసిరి. మార్కండేయపురాణమును చెప్పునప్పుడు వారు పటమును వ్రేలాడదీసి, బొమ్మబొమ్మను కోలతో చూపుచు కథ నడపుదురు. బొమ్మల వరుస యున్నంతవఱకు కథ త్రోవ తప్పదు. మన కుటుంబచరిత్రల కట్టి పటమేది? 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను చేర్చి, తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులు చెప్పిరి. వ్రాసియుంచకపోయిన వారిలో నెందఱి పేరులు నిలిచియుండెడివి?

1948 సెప్టెంబరునందు నిజాము రాజ్యము భారతదేశమున కలియునాటికి పదియేండ్ల ప్రాయమువారు నేడు తొంబదికి చేరువలో నున్నారు. 1946 మొదలు 1951 వఱకు ఈ ప్రాంతమున జరిగిన సాయుధపోరాటమును, రజాకార్ల దౌర్జన్యమును కన్నులార చూచినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారితోపాటు నాటి నూలుకఱవు, వలసలు, మగ్గములు విడిచి పట్టణములు చేరిన కథలు నంతరించును.

పెద్దలనుగూర్చి మఱియొక మాట. పంచె ఎక్కడ పెట్టితినాయని వెదకుట వార్ధక్యసహజము. చిరకాలము నడచిన వీథిలో తన యిల్లు కానక నిలిచిపోవుట రోగము. జర్మనీవైద్యుడగు అల్జైమరు 1906లో వర్ణించిన వ్యాధి యీ జాతిలోనిది. 2023లో ప్రకటింపబడిన యధ్యయనము ప్రకారము మన దేశమున అరువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఇట్టి మతిభ్రంశము కలదు. కొన్నియెడల థైరాయిడు లోపము, బి-12 విటమినులేమి, మనోవ్యాకులత కూడ మఱపును కలిగించును. అవి చికిత్సకు లొంగునవి. కావున దాచక, నవ్వక, వైద్యునికి చూపుడు. “చెప్పితిని గదా” యని ముసలితండ్రిపై విసుగుకొనుట కంటె మఱల చెప్పుట సులభము.

సభవారికి మా విన్నపములు మూడు. మొదటిది: ప్రతిగృహమున పిల్లలచే రాత్రివేళ పాఠమప్పగింపించుడు. రెండవది: ప్రతికుటుంబమునందలి వృద్ధుల మాటలను చేతిఫోనులో పట్టి, పిమ్మట కాగితముపై వ్రాసి, చెప్పినవారి పేరు, తేది, ఊరు చేర్పుడు. ఒకే సంగతిని ఇద్దఱిచే వేర్వేఱుగా చెప్పింపుడు. భేదించినచో రెంటిని నుంచుడు, ఒకదానిని దిద్దకుడు. మీరు కోరిన జవాబును ప్రశ్నలోనే యందింపకుడు. పాతపత్రములు, రశీదులు, పెండ్లిపిలుపులు చింపకుడు. అవి స్మృతికి సాక్షులు. మూడవది: మగ్గపు పనికి సంబంధించిన పదములన్నింటిని మన ప్రాంతపు పలుకుబడిలో సేకరించి, పైయేటి సంచికలో ప్రకటింపుడు. పదముతోపాటు పనియు నేర్పగల పెద్ద లింకను మనలో నున్నారు.

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయులనాటి శాసనములు నేటికిని చదువదగియున్నవి. చెక్కినవారు పోయిరి, చెక్కించినవారును పోయిరి, అక్షరము నిలిచినది. మన పెద్దల మాటకు నట్టి యాయుష్యమును కల్పించుట మన చేతిలోనిదే.