విశ్వాస జీవితము – దేహసాధన
(శతాబ్ది ఉత్సవముల యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవములలో పరుగును గూర్చి ప్రసంగమేమిటని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. దేవాలయము వేరు, ఆటస్థలము వేరు అని మనలో చాలమంది తలంపు. అయితే ఆదివారము ఉదయము మొదటి గంట కొట్టు వేళకు హైస్కూలు గ్రౌండులో చెమటలు కార్చుచు పరుగెత్తువారిలో మన సంఘ బిడ్డలును ఉన్నారు. పోలీసు కానిస్టేబులు ఎంపికలో 1600 మీటర్ల పరుగు నెగ్గవలెనని వారి ఆరాటము. ఇంటిలో తల్లి దిగులు, సంఘములో పెద్దల సణుగుడు. ఈ బిడ్డలకు సంఘము ఏమి చెప్పవలెను? గద్దించి ఊరకుందుమా, చూచి చూడనట్లు పోదుమా? ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో ఆలోచింతము.

పౌలు భక్తుడు కొరింథు పట్టణములో ఏడాదిన్నర కాలము నివసించెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము తెలుపుచున్నది. ఆ పట్టణమునకు సమీపముననే రెండేండ్లకొకసారి ఇస్త్మియా పందెములు జరిగెడివి. గెలిచినవానికి దొరకునది ఆకులతో అల్లిన కిరీటము. నాలుగు దినములలో వాడిపోవునది. దాని కొరకు వారు పడిన శ్రమ మాత్రము కొంచెము కాదు. ఒలింపియాలో పోటీకి దిగువారు పది నెలలు నియమముగా సాధన చేసితిమని ప్రమాణము చేయవలసి యుండెను. కొరింథు సంఘమునకు తాను వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పౌలు ఈ పందెములనే ఉపమానముగా తీసికొనెను. వాడిపోవు దాని కొరకే వారింత నిగ్రహము చూపగా, వాడబారని దాని కొరకు మనమెంత చూపవలెనని ఆయన ప్రశ్న. శరీరము మనకు యజమాని కాకూడదు, సేవకుడు కావలెనని అచ్చట ఆయన బోధ.

తిమోతికి వ్రాసినప్పుడు దేహసాధన లాభము కొద్దిపాటిదే అని పౌలు అనలేదా అని కొందరు అడుగుదురు. అనెను. కాని కొద్దిపాటి లాభమనెనే గాని లాభము లేదనలేదు. పైగా భక్తి విషయములో సాధన చేయుమని చెప్పుటకు ఆయన వాడిన గ్రీకు క్రియాపదము 'గుమ్నాజో'. అది ఆటగాండ్ర సాధనకు చెప్పు మాట. మనమిప్పుడు వాడు 'జిమ్ము' అను మాటకు మూలము అదే ధాతువు. భక్తి కూడ దినదినము సాధన చేసిన గాని అలవడదని ఆయన భావము.

దీనికి సాక్ష్యముగా ఒక దైవజనుని జీవితము చూతము. ఎరిక్ లిడెల్ 1902లో చైనాలో, స్కాట్లండు మిషనరీ దంపతులకు జన్మించెను. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పరుగు ఆయనకు మిక్కిలి అనువైన పందెము. దాని తొలి పోటీలు ఆదివారము పెట్టిరి. ప్రభువు దినమున పరుగెత్తనని ఆయన తప్పుకొనెను. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అను చలనచిత్రములో ఆయనకీ సంగతి ఓడ ఎక్కునప్పుడు తెలిసినట్లు చూపిరి. నిజమునకు కొన్ని నెలల ముందే తెలియును. ఆ నెలలను ఆయన చింతించుచు గడపలేదు. 400 మీటర్ల పందెమునకు సాధన చేసెను. జూలై 11న ఆ పందెమును 47.6 సెకండ్లలో ముగించి స్వర్ణ పతకము పొందెను. ఆదివారమును విడువనివాడు మిగిలిన ఆరు దినములను వ్యర్థము చేయలేదని గమనించుడి.

మరుసటి యేడు ఆయన లండన్ మిషనరీ సొసైటీ పక్షమున చైనాకు వెళ్లెను. 1805లో విశాఖపట్టణములో మన తెలుగువారి మధ్య పని ప్రారంభించిన సొసైటీ అదే. 1943లో జపానువారు ఆయనను వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరములో ఉంచిరి. అచ్చట ఆయన పిల్లలకు పాఠములు చెప్పెను, ఆటలు నడిపించెను. ఆదివారము మాత్రము ఆటలకు దూరముగా నుండెను. ఒక ఆదివారము పిల్లలు తమంతట తామే హాకీ ఆడి కొట్లాటకు దిగిరి. తరువాతి ఆదివారము రిఫరీగా మైదానములో నిలిచినది ఎరిక్ లిడెలే! తన పతకము కొరకు విడువని నియమమును పిల్లల మేలు కొరకు సడలించెను. రెండు చోట్లను ఆయన విడిచినది తన సొంతమునే. 1945 ఫిబ్రవరి 21న, మెదడులోని కంతి వలన, 43వ యేట ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించెను. ఇంచుమించు అదే వయస్సున నున్న మాకు ఆ సంగతి తలంచినప్పుడెల్ల మా సేవను మేమే పరీక్షించుకొనవలసి వచ్చుచున్నది.

అదే పారిస్ ఒలింపిక్సుకు మన దేశపు జట్టుతో మేనేజరుగా వెళ్లినవారు హ్యారీ బక్ గారు. 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణ కళాశాలను స్థాపించినది వారే. ఆత్మ, మనస్సు, దేహము అను మూడింటిని చూపు త్రికోణమే వై.ఎం.సి.ఏ. చిహ్నము. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్య గారు అంతకుముందు ఆ సంస్థలోనే సేవ చేసిరి. గనుక దేహమును భక్తికి దూరము చేయుట మన పితరుల నుండి వచ్చిన ఆచారము కాదు.

ఇప్పుడు మన పని ఏమి? యువజనులారా, ఎంపిక తేదీని నిర్ణయించునది ప్రభుత్వము. సాధన దినములను నిర్ణయించుకొనునది మీరు. ఆరు దినములు నమ్మకముగా పరుగెత్తుడి, ఏడవ దినమున ప్రభువు సన్నిధికి రండి. పరీక్షయే ఆదివారము వచ్చినయెడల, ఆ బిడ్డను వేలెత్తి చూపక, ముందటి సాయంత్రమే ప్రార్థించి పంపుట సంఘపు బాధ్యత. సంఘ పెద్దలారా, ఉదయమున రాలేని వారి కొరకు సాయంకాలారాధన ఏర్పాటు చేయుట మనకు అసాధ్యమా? షుగరు, బి.పి.లతో బాధపడు మన పెద్దలు ప్రతి ఉదయము నడచుటకు గుడి ఆవరణ గేటు తెరచి ఉంచుటకు ఖర్చేమి? గృహ దర్శనములకు దగ్గర వీధులకైనను నడచి వెళ్లుట మా బోధకులకును మేలు.

నూరేండ్ల క్రిందట మన పల్లెలకు సువార్త చాలవరకు కాలినడకననే వచ్చెను. అలసిన కాళ్లు మోసికొని వచ్చిన విశ్వాసమిది. మన దేహములు ఆ సేవకు సిద్ధముగా నుండునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.