ఫుట్‌బాల్‌లో ట్యాక్లింగ్ – పిల్లలకు నేర్పే పద్ధతి

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు వగైరా ముఖ్య విషయాలన్నీ అయిపోయాక, భోజనాలకు ముందు నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. వంటవారు గరిటెలు చప్పుడు చేస్తున్నారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

రిటైరైన దగ్గర నుంచి నేను సాయంత్రాలు కాలనీ మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. సర్వీసులో ఉన్న రోజుల్లో డిపార్ట్‌మెంటు టీములో బ్యాక్‌గా ఆడిన అనుభవమే నా పెట్టుబడి. ఇప్పుడు ముప్ఫైమంది దాకా వస్తున్నారు. అందులో తొమ్మిదిమంది ఆడపిల్లలు. పోయిన జూలైలో వీరిలో ఒక అబ్బాయికి కాలు విరిగింది. మా మైదానంలో కాదు. వీధి చివర ఖాళీ స్థలంలో పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకుంటూ ఉండగా, ఇంకో కుర్రాడు వెనుక నుంచి జారుకుంటూ వచ్చి బంతితోపాటు కాలినీ తన్నాడు. ఆరు వారాలు పిండికట్టు. ఆ తర్వాత నలుగురు తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, పరుగెత్తించండి, గోల్స్ కొట్టించండి, ఈ ట్యాక్లింగ్ మాత్రం మానిపించండి” అన్నారు. వారిలో ఇద్దరి పెద్దవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు. గేటు దగ్గర నిలబడి ఆనాడు ఏదో జవాబు చెప్పాను. పూర్తి జవాబు ఇది.

ఆట తెలియనివారి కోసం ఒక్క ముక్క. ఎదుటివాడి కాలి దగ్గరున్న బంతిని మన కాలితో లాక్కోవడమే ట్యాక్లింగ్. కబడ్డీలో మనిషిని పట్టుకోవాలి. ఇక్కడ మనిషి జోలికి పోకూడదు, బంతిని పట్టుకోవాలి, అదీ చేతులు వాడకుండా. ఇది లేకుండా ఫుట్‌బాల్ ఆడవచ్చుగదా అంటే, మనం మానేసినా ఎదుటి టీము మానదు. రేపు స్కూలు మ్యాచ్‌లో మీ మనవడి మీదికి ఒకడు వస్తాడు. అప్పుడు వీడు కాలు ఎలా పెట్టాలో తెలిసి పెడతాడా, తెలియక పెడతాడా అన్నదే ప్రశ్న.

నా దగ్గర చేరిన పిల్లలకు మొదటి రెండు వారాలు ట్యాక్లింగ్ ఉండదు. బంతిని ముట్టుకోవడమే నిషేధం. వినడానికి విచిత్రంగా ఉంటుంది గాని కారణం ఉంది. కొత్తవాడు బంతి కనబడగానే గోడ దూకినట్టు దూకుతాడు. వాడు దూకిన మరుక్షణం ఎదుటివాడు బంతిని పక్కకు తోసి వెళ్లిపోతాడు. కనుక ముందు నేర్పేది ఆగడం. దీనిని జాకీయింగ్ అంటారు. ఎదుటివాడికి చేతికందేంత దూరంలో, నిటారుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి, మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో వాడితోపాటే వెనక్కి జరగాలి. కళ్లు బంతి మీద ఉండాలి. భుజాలు చూసినా, కాళ్ల విన్యాసం చూసినా మోసపోతాం. భుజం అబద్ధమాడుతుంది గాని బంతి ఆడదు. అలా జరుగుతూ వాడిని గోల్ వైపు కాకుండా పక్క లైను వైపు తోలుకుపోవాలి. అక్కడికి పోయాక వాడికి సగం మైదానమే మిగులుతుంది. పిల్లలకు ఇది విసుగు. రెండో రోజే “తాతా, బంతి ఎప్పుడు కొడతాం?” అని మొదలుపెడతారు. ఆడపిల్లలు ఈ ఓపిక తొందరగా పట్టుకుంటారని నా పరిశీలన. మగపిల్లల తాతలు కోప్పడవద్దు.

మూడో వారం నుంచి అసలు పని. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి మధ్యలో బంతి పెడతాను. బంతి కదలదు, వాళ్లూ పరుగెత్తరు. ఒకటి, రెండు, మూడు అనగానే ఇద్దరూ ఒకేసారి పాదం లోపలి వైపుతో బంతి నడిమధ్యన తాకాలి. రెండో కాలు బంతి పక్కనే గట్టిగా ఆనాలి. మోకాలు వంగి ఉండాలి, చీలమండ బిగించి ఉండాలి, ఒంటి బరువంతా ముందుకు బంతి మీదికి రావాలి. రెండు పాదాల మధ్య బంతి ఇరుక్కుంటే ఇంకా గట్టిగా తన్నకూడదు, పాదంతో కొద్దిగా పైకి దొర్లించి ఎదుటివాడి కాలి మీదుగా తీసుకోవాలి. ఇదంతా నిలబడి వచ్చాక రెండడుగుల దూరం నుంచి నడిచి, తర్వాత మెల్లగా పరుగెత్తి చేయిస్తాను. ఒక్క విషయం అమ్మానాన్నలు గమనించాలి. బిగించిన కాలికి దెబ్బ తగలడం తక్కువ. భయపడి చివరిక్షణంలో వెనక్కి లాగిన కాలు, వదులుగా వేలాడే కాలు, అదే మడతపడుతుంది.

ఆ తర్వాత పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున సున్నం గీసి, ఒకడు బంతితో అటు చివరకు పోవాలి, ఇంకొకడు ఆపాలి. ఇక్కడ నేర్చుకునేది సమయం. బంతి ఎదుటివాడి కాలికి అంటుకుని ఉన్నంతసేపు ముట్టుకోరాదు. ముందుకు తోసి, కాలు నేల మీద పెట్టి, మళ్లీ ఎత్తేలోపల బంతి ఎవరిదీ కాని క్షణం ఒకటుంటుంది, అప్పుడే వెళ్లాలి. మార్కులు నా సొంత లెక్క. బంతి గెలిస్తే ఒకటి, గెలవకపోయినా అయిదు లెక్కపెట్టేదాకా నిలువరిస్తే ఒకటి, ఫౌల్ చేస్తే రెండు కోత. ఈ కోత పెట్టాక కాళ్ల మీద తన్నడం బాగా తగ్గింది. పిల్లలకు మార్కుల మీదున్న భయం దెబ్బల మీద లేదు, మన చదువుల మహిమ!

కాలు విరిగిన అబ్బాయి నవంబరులో తిరిగి వచ్చాడు. డాక్టరుగారు ఆడవచ్చన్నారు. వాడు పరుగెత్తుతున్నాడు, పాస్ ఇస్తున్నాడు, ఎవరైనా దగ్గరికి వస్తే మాత్రం కళ్లు మూసుకుని కాలు వెనక్కి లాగుతున్నాడు. ఇందాక చెప్పిన కాలు అదే. వాడిని మళ్లీ నిలబెట్టిన బంతి దగ్గరకు తెచ్చాను. ఎదుట నిలబడింది నేనే. డెబ్భై దాటినవాడి కాలికి భయపడనక్కర లేదుగదా. మూడు వారాలు పట్టింది కళ్లు తెరవడానికి.

తన్నిన కుర్రాడి సంగతి కూడా చెప్పాలి. వాడికి పదమూడేళ్లు. వాడిని మైదానంలోకి రానీయవద్దని నాకు గట్టిగానే చెప్పారు. నేను చేర్చుకున్నాను. అడిగితే, టి.వి.లో చూసి చేశానన్నాడు. టి.వి.లో జారేవాడు పచ్చటి తడి గడ్డి మీద, పక్క నుంచి, ఒక కాలు మడిచి, ఇంకో పాదం నేలకు అంటించి జారతాడు. మనది మొరం నేల, తొడ చర్మం లేచిపోతుంది. వెనుక నుంచి, రెండు కాళ్లతో అసలే కూడదు. పద్నాలుగేళ్లు నిండేదాకా జారే ట్యాక్లింగ్ నేర్పను, నిండాకా ఈ నేల మీద నేర్పను. ఆ ఇద్దరూ ఒకే మైదానంలో ఆడుతున్నారు, ఇంకా మాట్లాడుకోవడం లేదు. దానికి నా దగ్గర డ్రిల్ లేదు.

నిబంధనలు కూడా పిల్లల పక్షానే ఉన్నాయి. అజాగ్రత్తగా ట్యాకిల్ చేస్తే ఫ్రీ కిక్, ఎదుటివాడి క్షేమం పట్టించుకోకుండా చేస్తే పసుపు కార్డు, మితిమీరిన బలం వాడితే ఎర్ర కార్డు. 1998 ప్రపంచ కప్ నాటికి, ఎదుటివాడికి ప్రమాదం తెచ్చే వెనుక దాడిని రిఫరీలు బయటకు పంపవలసిన నేరంగా చేశారు. షిన్ గార్డులు లేనిదే మ్యాచ్‌లోకి రానీయరు.

మన హైదరాబాదుకు ఈ విద్య కొత్త కాదు. రహీం సాబ్ పేరు పెద్దలందరికీ తెలుసు. 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చాక మనవలకూ తెలిసింది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆయన పిల్లల చేత బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ లేని పోటీలు ఆడించేవారు. నేనూ అదే పట్టుకున్నాను. శుక్రవారం నాడు మా దగ్గర అందరూ రానికాలితోనే ట్యాకిల్ చేయాలి. బ్యాక్ ఆడేవాడికి ఒక్క కాలే వస్తే, ఫార్వర్డ్ ఎప్పుడూ రెండో వైపు నుంచే పోతాడు.

భోజనాలకు పిలుస్తున్నారు. చివరగా ఒక మనవి. ఆ నలుగురు పిల్లల్లో ఇద్దరు ఇప్పటికీ రావడం లేదు. వారి నాయనమ్మగారు, తాతగారు ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు మైదానానికి రావలసిందిగా కోరుతున్నాను. వేపచెట్టు కింద రెండు సిమెంటు బెంచీలున్నాయి. పిల్లలు సున్నం గీతల మధ్య ఆడుతుంటారు. అరగంట చూసి, ఇంటికి వెళ్లి మాట్లాడుకోండి. పంపేటట్లయితే షిన్ గార్డులు, బూట్లు ఇచ్చి పంపండి. సెలవు.