కొత్త కోడ్ వస్తే పాత భవనాన్ని కూల్చం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

నేను భవనాల ఇంజనీరును. ఎనిమిదో తరగతిలో మా లెక్కల సారు ఒక తాడుకు సమాన దూరాల్లో ముడులు వేసి, మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్లారు. మూడు, నాలుగు, ఐదు భాగాలుగా లాగి పట్టుకోమన్నారు. మూల సరిగ్గా మట్టానికి వచ్చింది. ఇవాళ్టికీ పునాది మార్కింగులో మా మేస్త్రీలు చేసేది అదే. పైథాగరస్ సిద్ధాంతం నాకు ఆ తాడుతోనే అర్థమైంది.

ఈ సభ ఏర్పాట్ల కోసం మొన్న బడికి వస్తే, స్టాఫ్ రూములో ఒక మాస్టారు టెట్ గైడు ముందేసుకుని కూర్చున్నారు. ఆయనకు నా వయసే. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. "మళ్లీ పరీక్షనా సార్?" అంటే నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నన్ను వదల్లేదు. అందుకే ఈ మాటలు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవారికి టెట్ తప్పనిసరి చేసింది. అప్పటి నిబంధనల ప్రకారం అంతకు ముందే చేరినవారికి మినహాయింపు ఇచ్చింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో లెక్క మారింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసున్న పాతవారు కూడా రెండేళ్లలో టెట్ పాసు కావాలి. లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్ల లోపు ఉన్నవారికి ఉద్యోగానికి ఢోకా లేదు గానీ, ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాల్సిందే.

అర్హత పరీక్షే వద్దని నేను అనను. డాక్టరుకు, వకీలుకు రిజిస్ట్రేషన్ ఉంది. ఆర్కిటెక్టులకు 1972 నుంచి చట్టం ఉంది. దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం మా ఇంజనీర్లకే లేదు, దాని నష్టం నాకు తెలుసు. పిల్లల్ని ఎవరి చేతిలో పెడుతున్నామో తల్లిదండ్రులకు భరోసా ఉండాలి. ప్రైవేటు బడి అయినా, సర్కారు బడి అయినా.

కానీ పరీక్ష ఎలా ఉందో కూడా చూడాలి. పేపర్-2లో 150 మార్కులు. అందులో 60 గణితం–సైన్సుకో, సాంఘిక శాస్త్రానికో. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన పంతులు కూడా ఆ రెంటిలో ఒకటి రాయాల్సిందే. ఆయన పద్యం చెబితే తరగతి ఎలా కదులుతుందో కొలిచే ప్రశ్న అందులో ఉండదు.

మా వృత్తిలో కాంక్రీటు కోడ్ ఐఎస్ 456ను 2000లో సవరించారు. అంతకు ముందు కట్టిన భవనాలను కూల్చమని ఎవరూ అనలేదు. అవసరమైనచోట పరీక్షిస్తాం, బలహీనంగా ఉన్నచోట బలపరుస్తాం. పాత ఉపాధ్యాయుల విషయంలోనూ చట్టం ఇదే దారి పట్టాలని నా కోరిక. శిక్షణ ఇచ్చి, తరగతి గదిలో పాఠం చూసి, ఆ తర్వాత అర్హత తేల్చాలి.

ఆ మార్పు వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మనలో సైన్సు తెలిసినవారున్నారు, ఇంగ్లీషు తెలిసినవారున్నారు. ఆదివారాలు రెండేసి గంటలు మన సార్లు, మేడమ్‌లతో కూర్చుందాం. గణితం నేను చూసుకుంటాను. ఒకప్పుడు మనకు అర్థమయ్యేదాకా వాళ్లు ఓపిక పట్టారు. ఇప్పుడు ఆ ఓపిక మన వంతు.