ఆపిన ఇసుకకు జవాబుదారీ ఎవరు?

సాయంత్రం పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద నడకకు వచ్చేవాళ్లకు ఒకపక్క పాత లైట్‌హౌస్, సచివాలయం కనిపిస్తాయి. రెండోపక్క నల్లబండల వరుస, దాన్ని కొడుతున్న సముద్రం. ఆ బండల అవతల ఒకప్పుడు విశాలమైన ఇసుక తీరం ఉండేదని ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తే. వాళ్ల పిల్లలకు మాత్రం పాత ఫొటోలే సాక్ష్యం. ఆ ఇసుక ఎలా పోయిందో చూస్తే, ఊరి ఎదుగుదలకూ ప్రకృతి వనరులకూ పొత్తు ఎక్కడ చెడుతుందో తేటతెల్లమవుతుంది. నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రకృతిలో కదిలేదాన్ని ఆపే ఏ నిర్మాణమైనా, ఆపినదాన్ని మళ్లీ నడిపించే ఖర్చును మొదటిరోజే తన అంచనాలో రాసుకోవాలి. రాసుకోకపోతే ఆ బిల్లు వేరొకరి నెత్తిన పడుతుంది.

తీరం చూపుకు కదలని నేల. కానీ అక్కడి ఇసుక ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల్లో కొంత దక్షిణానికి తిరిగొస్తుంది. మొత్తంమీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ, ఆ లెక్క ఏటా లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది. 1866లో ఫ్రెంచివారు తెరిచిన పాత పియర్ ఇనుప స్తంభాల మీద నిలిచి, 1952 తుపానులో కూలింది. తర్వాత 1962లో వచ్చిన కొత్త పియర్‌దీ స్తంభాల పునాదే. ఇసుక మేలు కోరి అలా కట్టారని నేను అనను. ఫలితం మాత్రం ఇసుకకు మేలే చేసింది, స్తంభాల సందుల్లోంచి దాని దారిన అది సాగిపోయింది. 1986–89 మధ్య ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసేచోట హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లకు సందుల్లేవు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ రాతిగట్టు దగ్గరే పేరుకుపోయింది. ఉత్తరాన వైట్ టౌన్ ముందున్న ఇసుకను అలలు ఎప్పటిలాగే తీసుకుపోయాయి, దాని చోటికి కొత్తది రాలేదు. జీతం ఆగిపోయినా ఖర్చు తగ్గని ఇంట్లో దాచిన సొమ్ము కరిగినట్టు తీరం కరిగింది.

ఇంజనీర్లకు ఈ సంగతి తెలియక కాదు. దక్షిణాన చేరిన ఇసుకను తోడి ఉత్తరానికి పంపే ఏర్పాటు హార్బర్ రూపకల్పనలోనే ఉంది. కావలసిన స్థాయిలో అది నడవలేదు, అంతే. గట్టు ఒక్కసారి కడితే చాలు, శిలాఫలకం వేసుకోవచ్చు. పంపు ఏటా నడవాలి, దానికి ప్రారంభోత్సవాలు ఉండవు. మన పద్దుల్లో మొదటిదానికి ఉన్న గౌరవం రెండోదానికి లేదు. పంపు నడవని చోట బండరాళ్లు దిగాయి. అవి రోడ్డును, పాత భవనాలను కాపాడిన మాట వాస్తవం. కానీ బండలకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లి వాటి పాదం దగ్గరి ఇసుకనే తవ్వుకుపోతుంది, గోడ ముగిసినచోట కోత మొదలవుతుంది. అలా కోత ఉత్తరానికి జరిగి, పుదుచ్చేరి హద్దు దాటి, తమిళనాడులోని కొట్టకుప్పం, తంద్రాయన్‌కుప్పం వైపు పాకింది. పడవ ఒడ్డుకు లాగడానికి, వల ఆరబెట్టుకోవడానికి మత్స్యకారుడికి కావలసింది ఇసుకే. బండరాళ్ల మీద ఆ రెండు పనులూ జరగవు.

ఇది పుదుచ్చేరికి మాత్రమే పట్టిన పీడ కాదు. 1876లో చెన్నై హార్బర్ పనులు మొదలయ్యాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది. అంటే మనం గట్టు కట్టేనాటికే వందేళ్ల పాఠం కూతవేటు దూరంలో ఉంది. విశాఖలో ఔటర్ హార్బర్ వచ్చాక ఆర్కే బీచ్‌కూ ఇదే ముప్పు ఎదురైంది. అక్కడ పోర్టు డ్రెడ్జర్ తోడిన ఇసుకను బీచ్‌కు పంపుతున్నారు. కోత పూర్తిగా ఆగలేదు. అయినా నగరానికి ఇంకా బీచ్ ఉందంటే అందులో ఆ పనికి వాటా ఉంది. ఇక్కడ కూడా 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సచివాలయం ఎదుట నీటి అడుగున ఉక్కు దిబ్బను దించింది, హార్బర్ నుంచి తోడిన ఇసుకను తీరానికి చేర్చారు. కొంతమేర ఇసుక ఒడ్డు తిరిగి కనిపించింది. దారి ఇస్తే ఇసుక వస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. హార్బర్ లేకపోతే మరపడవల మీద బతికేవాళ్ల గతేమిటని అడుగుతారు. హార్బర్ తీసేయమని నేను అనడం లేదు. హార్బర్ ముఖంలో ఇసుక పూడితే ముందు ఇబ్బంది పడేది ఆ పడవలే. ఇసుకను తోడి ఉత్తరానికి పంపితే రెండు చోట్లా లాభమే. సముద్రమట్టం పెరుగుతోంది, తుపానులు ముదురుతున్నాయి, మన చేతిలో ఏముంది అనేది రెండో మాట. ఆ ప్రభావం ఉంది, ఇకముందు పెరుగుతుంది కూడా. కానీ అదొక్కటే కారణమైతే గట్టుకు దక్షిణాన తీరం పెరిగి, ఉత్తరాన తరగడం ఎలా సాధ్యం? ఒకే సముద్రం గట్టుకు ఇరువైపులా రెండు న్యాయాలు పాటించదు కదా. ఇక డ్రెడ్జింగ్ ఏటా ఖర్చేనన్నది మూడో మాట, అన్నిటికంటే బరువైనది. నిజమే, ఖర్చే. రాళ్ల గోడ కూడా ఒక్కసారితో తీరదు. రాళ్లు కుంగుతాయి, మళ్లీ వేయాలి, కోత జరిగిన మేర గోడ పొడిగించాలి. కాకినాడ పక్కన ఉప్పాడలో జియోట్యూబ్ గోడనూ అలలు దెబ్బతీశాయని మన యానాం వాళ్లకు వేరే చెప్పాలా? రెండూ ఏటేటా ఖర్చులే అయినప్పుడు తీరాన్ని మిగిల్చే ఖర్చే నయం.

ఇసుక విషయంలో చెప్పిన న్యాయమే నీటికీ వర్తిస్తుంది. ఈ ఊరి తాగునీటికి ఆధారం భూగర్భజలం. ఫ్రెంచి కాలంలో ముత్తిరపాళయం నుంచి నీళ్లు తెచ్చినందుకు గుర్తుగా భారతి పార్కులో ఆయి మండపం కట్టారు. నేల కిందికి నీళ్లు దిగాలంటే ఊసుటేరి, బాహూరు వంటి చెరువులు నిండాలి, వాటికి నీరు తెచ్చే కాలువలు పూడకుండా ఉండాలి. తోడే నీరు నేలలోకి ఇంకే నీటిని మించితే తీరం వెంబడి ఉప్పునీరు లోపలికి జరుగుతుంది. పైన ఇసుక తగ్గి సముద్రం ముందుకొస్తుంటే, కింద మంచినీరు తగ్గి అదే సముద్రం ముందుకొస్తోంది.

అలాగని ఊరు పెరగొద్దని కోరడం నా ఉద్దేశం కాదు. పెరిగే ఊరు పద్దు రాసి చూపాలి. ఈ ఏడాది హార్బర్ దగ్గర ఎంత ఇసుక ఆగింది, ఎంత తోడారు, ఎంత ఉత్తరానికి చేరింది? బోర్ల నుంచి ఎంత నీరు తీశారు, చెరువుల్లో ఎంత నిలిచింది? పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు కలిసి ఈ లెక్కను ఏటా ప్రజల ముందు పెట్టాలి, ఎందుకంటే ఇసుక సరిహద్దు చూసి ఆగదు. రేపు ఓట్ల కోసం వచ్చే అభ్యర్థిని కొత్త గోడ ఎప్పుడు కడతారని అడగకండి. పోయిన ఏడాది ఎంత ఇసుక నడిపించారో చెప్పమని అడగండి.