కొత్త పేటల సొమ్ము, పాత పేటల భారము

(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఊరు పెరుగుట సంతోషమే. కాని నూఱిండ్లు లేచినచోట నీళ్లు, బాట, మురుగుకాలువ, బడి వానంతట నవి లేవవు. వాని వ్యయము నెవ్వరు భరింపవలయును? ఇండ్లు గట్టి లాభము గడించువారా, చిరకాలముగా పన్నులు చెల్లించుచున్న పాత పేటలవారా? ఈ ప్రశ్నకు ఇంగ్లండునందలి స్థానిక సంఘములు కనుగొన్న సమాధానము మనము తెలిసికొనదగినది.

అచ్చట వసూలునకు రెండు మార్గములు గలవు. మొదటిది 1990 నాటి పట్టణ గ్రామ ప్రణాళికా చట్టపు 106వ సెక్షను క్రింది ఒప్పందము. ఇది బేరము వంటిదే. అయినను బేరమునకు మేర గలదు. సంఘము కోరునది ఆ కట్టడమును అనుమతించుట కవసరమై, దానితో ప్రత్యక్షసంబంధము గలదై, దాని పరిమాణమునకు తగినదై యుండవలయును. లేనిచో అనుమతిని విక్రయించినట్లగును. రెండవది 2008 నాటి చట్టమున బుట్టి 2010లో అమలునకు వచ్చిన మౌలిక వసతుల సుంకము. దీనిని విధించుటయో మానుటయో ఆయా సంఘముల యిష్టము. విధింపదలచినచో చదరపు మీటరున కింతయని ముందుగా పట్టిక ప్రకటింపవలయును.

వ్యయమునందును కట్టుబాటు గలదు. ఈ సుంకమున నూటికి 15 వంతులు, ఒక పరిమితికి లోబడి, కట్టడములు లేచిన పేటకే చెందును. ఆ పేటవారు ఓటుచే నామోదించిన ప్రణాళిక యున్నచో 25 వంతులు చెందును. పరిపాలనకు 5 వంతులకు మించి వాడరాదు.

ఇన్ని కట్టుబాట్లున్నను లోపములు లేకపోలేదు. లాభము చాలదని లెక్కలు చూపి భారము తగ్గించుకొనువారు గలరు. ఒప్పందపు సొమ్ము గడువులోపల వ్యయము కానిచో, షరతునుబట్టి, చెల్లించినవానికే తిరిగి పోవును. సొమ్ము పెట్టెలో నిదురించుచుండ, పిల్లలు దూరపు బడికి నడచుచుందురు! 2019 నాటి నిబంధనలు ఏటేట డిసెంబరు 31 లోపల జమాఖర్చులు ప్రకటింపవలెనని సంఘముల నాజ్ఞాపించినవి.

మన పట్టణములలోను లేఅవుట్ల యజమానులు బాటలకు, ఖాళీస్థలములకు భూమి విడువవలయును, రుసుములు చెల్లింపవలయును. ఆ రుసుములను వారు తమ యింటనుండి తెత్తురా? చేతనైనంతవఱకు స్థలపు వెలలో గలిపి కొనువారియొద్దనే రాబట్టుదురు. కావున లెక్క యడుగుట మన హక్కు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ఆ ద్వారమును తెఱచియే యున్నది.

ఏటి కొక్కమారు మీ పురపాలక సంఘము నీ మూడు ప్రశ్నలడుగుడు: ఎంత వచ్చినది? ఎచ్చట వ్యయమైనది? మిగిలినది యెందులకు మిగిలినది? అడుగువారు లేని సొమ్మునకు దిక్కు లేదు.