సైకిల్ దిగి లోపలికి వెళ్లాక
(సుందరయ్య గారి వర్ధంతి సందర్భంగా జరిగిన మండల కౌలు రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పుచ్చలపల్లి సుందరయ్య గారి పేరు ఎత్తగానే అందరికీ సైకిల్ గుర్తొస్తుంది. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు, అసెంబ్లీకీ సైకిల్ మీదే వెళ్లారు. నిజమే. కానీ ఫొటోకు దండ వేసి, ఆ ఒక్క ముక్క చెప్పి ఇంటికి పోవడం మనకు అలవాటైపోయింది. సైకిల్ దిగి లోపలికి వెళ్లాక సభలో రైతు సంగతి ఏమైందో ఈ రోజు మాట్లాడుకుందాం.

ఆయన పుట్టింది నెల్లూరు జిల్లా అలగానిపాడులో. ఎమ్మెల్యేగా గెలిపించింది మన గన్నవరం. 1955, 1962, 1978. మూడుసార్లు. అంతకుముందు 1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. ఢిల్లీ పదవి వదులుకుని రాష్ట్ర సభకు వచ్చిన మనిషి. ఇప్పుడు ఎటువైపు ప్రయాణాలు జరుగుతున్నాయో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

1955 ఎన్నిక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాదిన్నర కూడా నిండలేదు. ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది. మొత్తం 196 స్థానాలు. కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఒక్కటయ్యాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి. సీట్లు ఎన్ని? 15. మూడో వంతుకు దగ్గరగా ఓట్లు, పదమూడో వంతు సీట్లు! ఆ పదిహేనులో గన్నవరం ఒకటి. అంటే ఆయన సభలోకి అడుగుపెట్టిందే ఓడిన పక్షం మనిషిగా.

ఆయన సభలో ఉండగానే 1956లో ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుకు హద్దు పెట్టారు, కౌలుదారుకు రక్షణ అన్నారు. కానీ నోటిమాట మీద కౌలు చేసేవాడు కోర్టులో ఏం చూపిస్తాడు? 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. మంచి నేలయితే 27 ఎకరాలు, నాసి నేలయితే 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చన్నారు. 324 ఎకరాలు ఉంచుకోనిస్తే ఇక పంచడానికి మిగిలేదెంత? సభలో చేతులెత్తే లెక్కలో మనవాళ్లు తక్కువ. దాన్ని దాచిపెట్టి ఆయన అన్నీ సాధించారని చెబితే అది అబద్ధమవుతుంది.

అయితే 1962 శిస్తు చట్టం చూడండి. భూమిశిస్తు మీద అదనపు వడ్డన. మాగాణికి నేల సారంతో పనిలేదు, ఆ నీటి వనరు కింద ఆయకట్టు ఎన్ని ఎకరాలన్నదే కొలత. చౌడు పొలమైనా, బంగారం పండే పొలమైనా ఒకటే. రైతు మాట వినే ఏర్పాటు కూడా లేదు. కమ్యూనిస్టులు దాన్ని సభలోనూ బయటా ఎదిరించారు. ఓట్ల బలంతో చట్టం పాసయింది. రైతులు కోర్టుకెక్కారు. 1967లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లదని తేల్చింది. సమానత్వపు హక్కుకు విరుద్ధమన్నది. సభలో ఓడిన వాదన అక్కడితో చావలేదన్నమాట.

1967, 1972 సభల్లో ఆయన లేరు. పార్టీ ప్రధాన కార్యదర్శి బాధ్యత 1976లో వదిలాక, 1978లో అరవై నాలుగేళ్ల వయసులో మళ్లీ గన్నవరం నుంచే గెలిచారు. అప్పుడు 294 మందిలో వాళ్లు ఎనిమిది మంది. అయినా వెళ్లారు.

ఇక మన సంగతి. 2019 సాగుదారు హక్కుల చట్టం కార్డు కావాలంటే యజమాని సంతకం తెమ్మన్నది. పదకొండు నెలల కాగితమైనా సరే, సంతకం పెడితే పొలం పోతుందని యజమానికి భయం. సంతకం లేదు కాబట్టి కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు. 2011 చట్టంలో ఈ సంతకం గొడవే లేదు. ఆ మార్పు మీద మనం ఓటేసి పంపినవాళ్లు సభలో ఏం మాట్లాడారు? అసెంబ్లీ చర్చలు రికార్డవుతాయి, అచ్చవుతాయి. రోడ్డు వేయించారా, పింఛను ఇప్పించారా అని అడుగుతున్నాం. ఇదీ అడగాలి కదా.

ప్రతి ఊరి నుంచీ కార్డు రాని కౌలు రైతుల పేర్లు, సాగు చేసే ఎకరాలు, కార్డు ఎందుకు రాలేదో ఒక కాగితం మీద రాసి వచ్చే ఆదివారంలోగా మండల కమిటీకి ఇవ్వండి. అది తీసుకుని ఎమ్మెల్యే గారి దగ్గరకు వెళ్దాం. సభలో ఫలానా ప్రశ్న వేయమని రాతపూర్వకంగా అడుగుదాం. ఆడవాళ్ల పేరున కౌలు ఉంటే వాళ్ల పేరే రాయండి, భర్త పేరు కాదు.