పెండ్లి విందులో నిప్పుల వంట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు భాష గురించో, పూర్వుల గురించో మాట్లాడడం మన సభలలో ఆచారం. నేను ఈనాడు భోజనం గురించి మాట్లాడవలెనని నిశ్చయించుకున్నాను. చివరకు నా మాట కూడా భాష దగ్గరికే వచ్చి చేరుతుంది గాని, దారి మాత్రం వంటింటి గుండా పోతుంది. దయచేసి ఓపికతో వినగోరుతున్నాను.

కడంబూరు, కోవిల్‌పట్టి, విరుదునగరం చుట్టుపట్ల మన ఇండ్లలో పెండ్లి కుదిరిందంటే ఈమధ్య ఒక వాదం బయలుదేరుతున్నది. చెన్నైలోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరదేశంలోనో ఉద్యోగం చేసే పిల్లలు రిసెప్షన్‌కు బార్బెక్యూ పెట్టిద్దామంటారు. ఆరుబయట బొగ్గుల పొయ్యిలు, కళ్ళ ఎదుటే కాల్చి ఇచ్చే మాంసం, చేపలు, కూరగాయలు. ఇది వినగానే ఇంట్లో అవ్వ, "ఆకు వేసి అన్నం పెట్టని పెండ్లి యేం పెండ్లిరా?" అంటుంది. నడుమ నలిగిపోయేవాడు పిల్ల తండ్రి. ఈ వాదంలో ఉభయులకూ న్యాయం ఉన్నది. ఆ రెండు న్యాయాలనూ ఒకే పందిట్లో కూర్చోబెట్టడం యెట్లాగో ఆలోచించడమే నా ప్రయత్నం.

మొదట పెద్దలతో ఒక మాట మనవి చేస్తాను. బార్బెక్యూ అన్న మాట పరాయిదే. కరేబియన్ దీవుల ఆదివాసులు కట్టెలతో కట్టిన మంచె వంటి దానికి పెట్టుకున్న పేరు స్పెయిన్ దేశస్థుల నోట పడి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి వచ్చింది. మాట పరాయిదైనా పని పరాయిది కాదు. కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రచించిన మానసోల్లాసంలో మాంసపు ముక్కలు శూలాలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే పద్ధతి వర్ణించబడి ఉన్నది. విశాఖ మన్యంలో అరకు వైపు వెళ్ళినవారు వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాల్చడం చూసే ఉంటారు. ఆంధ్రదేశంలో పట్టణాల వీధులలో సాయంత్రంపూట బండ్ల మీద అమ్మే చీకులు అందరికీ తెలిసినవే. ఇక వంకాయను నిప్పుల మీద కాల్చి పచ్చడి చేయని తెలుగిల్లు ఏది? మన నల్లరేగడి చేలల్లో పచ్చి సజ్జకంకులు కాల్చుకుని తినడానికి ఎవరూ ఇంగ్లీషు పేరు అడగలేదు.

ఈ నిప్పుకూ మన ప్రాంతానికీ మరొక సంబంధం ఉన్నది. మన చెరువుగట్ల మీద, బీళ్ళల్లో తెగబలిసిన సీమై కరువేలం, అంటే తెలుగుదేశంలో సర్కారు తుమ్మ అనే ముళ్ళచెట్టు, మన నేల మీద పుట్టింది కాదు. 1877లో జమైకా దీవి నుండి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురం తోటలో నాటినట్లు అటవీశాఖవారి చరిత్ర చెబుతుంది. చూడండి చిత్రం! బార్బెక్యూ అన్న మాట పుట్టిన కరేబియన్ ప్రాంతం నుండే ఈ చెట్టూ వచ్చింది. అదీ మొదట తెలుగు నేల మీద కాలు మోపింది. ఈనాడు రామనాథపురం, విరుదునగరం, తూత్తుకుడి జిల్లాలలో వేలాది కుటుంబాలు దీని కట్టెను నిలువుగా పేర్చి, పైన ఆకూ అలమూ వేసి, మట్టి మెత్తి, గాలి సరిగా ఆడకుండా రోజుల తరబడి మగ్గబెట్టి బొగ్గు చేస్తున్నాయి. ఆ బొగ్గు దూరపు నగరాల హోటళ్ళకు పోతుంది. చెరువులను, పొలాలను ఆక్రమించే చెట్టు కనుక దాన్ని పెంచమని నేననను. కొట్టిన కట్టె బొగ్గై మన పెండ్లిపొయ్యిలో పడితే మాత్రం తప్పు లేదు.

ఇప్పుడు పిల్లలతో ఒక మాట. నాయనలారా, కొంచెం లెక్క చేద్దాం. మూడడుగుల పొడవున్న పొయ్యి మీద ఒక్కసారికి పన్నెండు చీకులు పడతాయనుకోండి. ఒక వాయి కాలడానికి పావుగంట. గంటకు నాలుగు వాయిలు, అంటే 48 చీకులు. మూడు పొయ్యిలు పెడితే గంటకు 144. మనవారి పెండ్లికి ఆరువందల మంది రావడం విశేషం కాదు. మనిషికి రెండేసి చొప్పున 1,200 చీకులు కావలె. 1,200ను 144తో భాగించండి. ఎనిమిది గంటలు దాటుతుంది! సాయంత్రం ఆరింటికి వచ్చిన చుట్టం తెల్లవారుజామున రెండింటిదాకా పళ్ళెం పట్టుకుని నిలబడవలెనా? అదే 200 మంది కూర్చునే భోజనశాలలో బంతికి నలభై నిమిషాలు వేసుకున్నా, మూడు బంతులలో, రెండు గంటలలో, ఆరువందల మందీ కడుపునిండా తిని చేయి కడుగుకుంటారు.

ఇందులో తేలినదేమిటి? ఆకలి తీర్చే శక్తి బంతికి ఉన్నది. నిప్పుల పొయ్యికి లేదు. కాబట్టి అన్నం ఆకులోనే పెట్టవలె. నిప్పుల వంట రుచికోసం, వేడుకకోసం పెట్టుకోవలె. మనిషికి ఒక్క చీకు చాలుననుకుని ఎనిమిది పొయ్యిలు పెడితే గంటకు 384 వస్తాయి. గంటన్నర దాటి కొద్దిసేపటికి అందరికీ అందుతాయి. చీకుకు పాతిక గ్రాముల ముక్కలు ఐదు, అంటే 125 గ్రాములు. నాలుగువందల మంది మాంసాహారులైతే ఎముక లేని కోడిమాంసం 50 కిలోలు. మిగతా రెండువందల మందికి పనీరు, చిలగడదుంప, మొక్కజొన్న, కాలిఫ్లవరు. వీటికి పొయ్యిలు వేరు, పట్టకారలు వేరు, కాల్చేవారూ వేరుగా ఉండవలె. ఒకే పొయ్యి మీద రెండూ కాల్చి, "ఈ పక్క శాకాహారమండీ" అని చెబితే నమ్మి తినే పెద్దలు మనలో లేరు. వారు ఏమీ అనకుండా లేచిపోతారు. ఆ లేచిపోవడం పదేండ్లు జ్ఞాపకం ఉంటుంది.

ఆకులో ఏమి వడ్డించవలెనో నేను చెప్పనక్కరలేదు. ఒక్క విన్నపం మాత్రం చేస్తాను. కడంబూరులో రైలు ఆగితే ప్రయాణికులు దిగి కొనుక్కునే పోళీ మన ఊరిది. కోవిల్‌పట్టి వేరుశెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు అంతకుముందే, 2019లో వచ్చింది. ఇవన్నీ చేతికందే దూరంలో ఉండగా ఎక్కడినుండో ఐసుపెట్టెలలో తీపి తెప్పించుకోవడం ఎందుకు?

ఇక జాగ్రత్తలు. ఇవి చప్పగా ఉంటాయి గాని, ప్రాణాలకు సంబంధించినవి. 2004 జనవరి 23న శ్రీరంగంలో ఒక పెండ్లిలో వీడియో దీపం దగ్గర పుట్టిన నిప్పు తాటాకు పందిరికి అంటుకుని, పెండ్లికొడుకుతో సహా యాభై మందికి పైగా మరణించారు. అక్కడ బొగ్గుల పొయ్యి కూడా లేదు. మనం కోరి నిప్పు తెచ్చి పెట్టుకుంటున్నప్పుడు ఎంత మెలకువ కావలెనో ఊహించండి. తాటాకు పందిరికి, గుడ్డ అలంకారాలకు, కరెంటు తీగలకు దూరంగా ఆరుబయటనే పొయ్యిలు ఉండవలె. ఎంత పెద్ద హాలైనా మూసిన గదిలో బొగ్గు వెలిగించరాదు. బొగ్గు నుండి వచ్చే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. మనిషికి తెలియకుండానే చంపుతుంది. పొయ్యి పొయ్యికీ పక్కన ఒక బకెట్టు నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక ఉంచండి. అగ్నిమాపకదళం 101, అంబులెన్సు 108 అన్న అంకెలు వంటవారికి కనబడేటట్లు రాసి కట్టండి.

మన ప్రాంతపు గాలిని మరువవద్దు. కయత్తారు చుట్టూ అన్ని గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు గదా! ఆని, ఆవణి నెలల ముహూర్తాలకు పడమటిగాలి ఈడ్చి కొడుతుంది. అప్పుడు పొయ్యిలు పందిరికి తూర్పున ఉంటే పొగా నిప్పురవ్వలూ అవతలికి పోతాయి. ఐప్పసి, కార్తిక నెలలలో ఈశాన్యపు వానలు గనుక పైన రేకుల నీడ, గాలివాటం చూసి స్థలం మార్పు అవసరం. ఇంకొక సంగతి. శివకాశి మనకు దగ్గర. టపాసులు లేని పెండ్లి మనకు పెండ్లి అనిపించదు. టపాసులు కాల్చే చోటికీ బొగ్గుల పొయ్యిలకూ నడుమ పందిరంత దూరమైనా ఉండవలె. టపాసుల పెట్టెలు వంటసామానుతో కలిపి ఒకే గదిలో పెట్టడం శుద్ధ తప్పు.

మాంసం విషయంలో మూడు నియమాలు చాలు. మసాలా పట్టించిన మాంసం పొయ్యి మీదికి వెళ్ళేవరకు ఐసులోనే ఉండవలె. మన ఎండలకు ఒక గంటకు మించి బయట ఉంచరాదు. పచ్చిమాంసం పెట్టిన పళ్ళెంలో కాలిన మాంసం పెట్టరాదు. కోడిమాంసం లోపలిదాకా 74 డిగ్రీల వేడి పట్టవలె. పైన నల్లబడిందని లోపల ఉడికినట్లు కాదు. ఈ వేడి చూసే చిన్న సూది పరికరం కొద్ది డబ్బుకే దొరుకుతుంది. బొగ్గు కూడా తొందరపెడితే పనికిరాదు. అరగంట, ముప్పావుగంట ముందే రాజేసి, మంట అణగి పైన తెల్లని బూడిద కమ్మిన తరువాతనే చీకులు పెట్టవలె. వెదురుపుల్లలు వాడితే అరగంట ముందు నీళ్ళలో నానవేయండి. లేకపోతే ముక్క కాలకముందే పుల్ల కాలిపోతుంది.

ఇక వరుసక్రమం. మొదటి బంతి ముసలివారికి, పసిపిల్లల తల్లులకు, రైలు దిగి వచ్చిన పొరుగూరి చుట్టాలకు. ఇంటివారు చేయి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టవలె. "అన్నీ అక్కడ పెట్టాం, తీసుకోండి" అని చేయి చూపడం మన మర్యాద కాదు. అదే సమయంలో పొయ్యిల దగ్గర పడుచువారు చేరుతారు. కదలలేని పెద్దలకు కాలిన ముక్కలను చిన్నగా కోసి, కూర్చున్న చోటికే మనవలు తెచ్చి ఇవ్వవలె. అప్పుడు అవ్వ కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, "కారం తక్కువైంది" అంటుంది. అన్నదంటే ఒప్పుకున్నట్లే లెక్క!

ఇప్పుడు నేను మొదట చెప్పిన భాష దగ్గరికి వస్తాను. ఇంతవరకు నిప్పుల వంటలో దోషంగా చెప్పిన ఆ పావుగంట ఆలస్యం, కడుపు నిండినవారికి దోషం కాదు. బంతిలో మనం తలవంచుకుని తింటాం. వెనుక ఇంకొక బంతి నిలబడి చూస్తూ ఉంటుంది. మజ్జిగ అన్నం కాగానే లేస్తాం. మాటకు తీరిక లేదు. పొయ్యి చుట్టూ నిలబడినవారికి మాత్రం వాయి కాలేదాకా వేరే పని లేదు. వట్టి చేతులతో నిలబడి మాట్లాడుకోవడమే పని. చెన్నై నుండి వచ్చిన మేనల్లుడు, సింగపూరు నుండి వచ్చిన బావమరది, ఊళ్ళోనే ఉన్న పెదనాయన ఒకే నిప్పు చుట్టూ చేరేది అప్పుడే.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగే. తెలుగుదేశం వదలి ఈ నల్లరేగడికి వచ్చినవారి కథను ఆయన తమిళంలో గోపల్ల గ్రామం అనే నవలగా రాశారు. దాని తరువాతి నవల గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. పల్లెజనం నోట నలిగే కథలను జీవితాంతం పోగుచేసిన మనిషి ఆయన. నోటికథ నిలవాలంటే చెప్పేవాడికి తీరిక, వినేవాడికి ఓపిక, ఇద్దరూ కలిసి నిలబడే చోటు ఉండవలె. మన పిల్లలు బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతారు. తెలుగు లిపి ఎరుగనివారు మనలో చాలామంది. వారికి తెలుగు మిగిలేది చెవి ద్వారానే. చుట్టాలంతా ఒకచోట చేరే పెండ్లిలో కూడా హోరెత్తే పాటలు పెట్టి ఆ చెవిని మూసివేస్తే ఇక వినేదెప్పుడు? అందుచేత పొయ్యిల దగ్గర లౌడుస్పీకరు పెట్టవద్దని నా ప్రార్థన. వాద్యం కావాలంటే వేదిక ముందు రాజకంబళం వారి దేవదుందుభి మోగించి దేవరాట్టం ఆడించండి. నిప్పు చుట్టూ మాత్రం మాటలే వినిపించనివ్వండి. అక్కడ నాలుగు బెంచీలు వేసి ఇద్దరు ముగ్గురు పెద్దలను కూర్చోబెట్టండి. "తాతా, మనం ఎక్కడినుంచి వచ్చినాం?" అని ఒక పిల్లవాడు అడిగితే చాలు. తరువాతి వాయి కాలేలోపల కథ సగమన్నా పూర్తవుతుంది.

కాబట్టి ఆకు వేయండి, నిప్పూ రాజేయండి. ముందు ఆకలి తీర్చి, తరువాత మాటకు చోటివ్వండి. ఈ ఏడు పెండ్లిళ్ళు కుదిరిన ఇండ్లవారు ఈ విషయం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారని ఆశిస్తున్నాను.